ఇంట్లో కట్టుకున్న మిడ్ డ్రైవ్ ఎలక్ట్రిక్ సైకిల్: తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నంలో బీచ్ రోడ్డు మీద సైకిల్ తొక్కడం ఎంత హాయిగా ఉంటుందో, అక్కడి నుంచి పాండురంగాపురం డౌన్ ఎక్కి సిరిపురం చేరడం అంత కష్టంగా ఉంటుంది. ఎక్కేటప్పుడు కూడా దాన్ని డౌన్ అనే అంటాం, అది మా ఊరి అలవాటు. ఆ ఎత్తు కోసమే పాత గేరు సైకిల్‌కి మోటారు బిగించాను. దాన్ని చూసినవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు రాస్తున్నాను. లెక్కలన్నీ ఆ ఒక్క సైకిల్‌వే: 26 అంగుళాల చక్రాలు, వెనక 14 నుంచి 28 పళ్ల వరకు ఉన్న 7 గేర్ల ఫ్రీవీల్, 24 వోల్టుల 250 వాట్ల గేర్డ్ డీసీ మోటారు, నాతో కలిపి మొత్తం బరువు సుమారు 100 కిలోలు.

మిడ్ డ్రైవ్ అంటే ఏమిటి? హబ్ మోటారుకీ దీనికీ తేడా ఏమిటి?

హబ్ మోటారు చక్రం మధ్యలో కూర్చుని చక్రాన్నే నేరుగా తిప్పుతుంది. మిడ్ డ్రైవ్ మోటారు పెడళ్ల దగ్గర ఉండి, మన కాళ్లు తిప్పే చైన్‌వీల్‌నే తిప్పుతుంది కనుక దాని బలం కూడా వెనక గేర్ల గుండానే చక్రానికి చేరుతుంది. ఎత్తు వచ్చినప్పుడు మనం గేరు తగ్గించుకున్నట్టే మోటారుకీ గేరు తగ్గుతుంది. హబ్ మోటారుకి ఆ వెసులుబాటు లేదు. ఎత్తు మీద చక్రం నెమ్మదిస్తే మోటారూ నెమ్మదిస్తుంది, నెమ్మదించిన డీసీ మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, చుట్టల్లో పుట్టే వేడి ఆ కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అంటే కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలు. చదునైన ఊళ్లో ఉండేవారికి హబ్ మోటారే సుఖం, అందులో సందేహం లేదు. బిగించడం ఒక పూట పని, చైను మీద భారం పడదు.

రెడీమేడ్ మిడ్ డ్రైవ్ కిట్ కొంటే సరిపోదా?

సరిపోతుంది. బఫాంగ్ బీబీఎస్ 01, బీబీఎస్ 02, టాంగ్‌షెంగ్ కంపెనీ టీఎస్‌డీజెడ్ 2 వంటివి 68 మిల్లీమీటర్ల మామూలు బీబీ గొట్టంలో (పెడళ్ల ఇరుసు కూర్చునే గొట్టం) నేరుగా కూర్చుంటాయి, ఈ పేజీలో చెప్పే తలనొప్పుల్లో సగం వాటి తయారీదారులే తీర్చి పంపుతారు. నేను విడి మోటారుతో కట్టుకోవడానికి కారణం డబ్బు ఆదా కొంత, చేతి దురద ఎక్కువ.

ఎన్ని వాట్ల మోటారు కావాలి?

అందరూ మొదట అడిగేది ఇదే కానీ, నిజానికి మొదట తేల్చుకోవలసింది వాట్లు కాదు, చుట్లు. మనిషి కాలు నిమిషానికి 60 నుంచి 90 చుట్ల వరకు హాయిగా తిరుగుతుంది. మోటారు క్రాంకుని, అంటే పెడళ్లు బిగించిన కాడని, అంతకన్నా వేగంగా తిప్పితే మన కాళ్లు దాన్ని అందుకోలేవు, నెమ్మదిగా తిప్పితే మోటారు పనికి మన కాళ్లే అడ్డు పడతాయి. అందువల్ల మోటారు కొనకముందే చక్రం దగ్గర మొదలుపెట్టి వెనక్కి లెక్క వేసుకోవాలి.

నేను తీసుకున్న ఎంవై1016జెడ్ రకం మోటారు లోపలే గేర్లు ఉన్నది. బరువు మీద దాని బయటి షాఫ్టు నిమిషానికి సుమారు 300 చుట్లు తిరుగుతుంది, దాని మీద 9 పళ్ల స్ప్రాకెట్ ఉంటుంది. క్రాంకు దగ్గర 36 పళ్ల చైన్‌వీల్ పెడితే వేగం నాలుగో వంతుకు, అంటే 75 చుట్లకు దిగుతుంది. దాని పక్కనే ఉన్న 34 పళ్ల రెండో చైన్‌వీల్ నుంచి మామూలు చైను వెనక చక్రానికి వెళుతుంది. ఆ చక్రం ఒక చుట్టు తిరిగితే సైకిల్ 2.05 మీటర్లు కదులుతుంది కాబట్టి, వెనక 14 పళ్ల గేరులో గంటకు 22.4 కిలోమీటర్లు, 28 పళ్ల గేరులో 11.2 కిలోమీటర్లు వస్తాయి. వేగాన్ని పళ్ల లెక్కే కట్టడి చేస్తోంది, మోటారుకి కరెంటుని అదుపు చేసి ఇచ్చే కంట్రోలర్‌లో ప్రత్యేకంగా ఏమీ దిద్దనక్కరలేదు.

ఇక ఎత్తు సంగతి. ప్రతి 100 మీటర్లకు 6 మీటర్లు లేచే రోడ్డు మీద 100 కిలోల బరువుని లాగడానికి వాలు కోసమే సుమారు 59 న్యూటన్ల బలం కావాలి, టైర్ల రాపిడి, గాలి కలుపుకొంటే అది 72 దాకా వెళుతుంది. 250 వాట్ల మోటారు 75 చుట్ల దగ్గర క్రాంకుకి ఇచ్చే టార్కు (తిప్పే బలం) సుమారు 32 న్యూటన్ మీటర్లు. అది 28 పళ్ల గేరులో, చైన్లలో పోయేది పోగా, రోడ్డు మీద సరిగ్గా ఆ 72 న్యూటన్లుగా తేలుతుంది. అదే మోటారు 14 పళ్ల గేరులో 36 న్యూటన్లు మాత్రమే ఇస్తుంది. అంటే 250 వాట్లు చాలవని వాపోయేవారిలో చాలామందికి కావలసింది పెద్ద మోటారు కాదు, వెనక ఎక్కువ పళ్లున్న గేరు.

మోటారు తిరిగినప్పుడు పెడళ్లు కూడా వాటంతటవే తిరగవా?

తిరగకుండా చేయడమే ఈ నిర్మాణం మొత్తంలో గట్టి పని. చైన్‌వీళ్లని క్రాంకుకి నేరుగా బిగిస్తే మోటారు పెడళ్లని మన కాళ్ల కింద తిప్పుతూనే ఉంటుంది. మలుపులో పెడల్ నేలకు తగలవచ్చు, ప్యాంటు అంచు చిక్కుకోవచ్చు. అంతకన్నా ప్రమాదకరమైనది ఇంకొకటుంది: తొక్కుతున్నామో లేదో కనిపెట్టే పెడల్ సెన్సర్, క్రాంకు తిరుగుతోంది కనుక మనం తొక్కుతున్నామనే అనుకుంటుంది, మోటారుకి కరెంటు ఇస్తూనే ఉంటుంది, ఆ మోటారే మళ్లీ క్రాంకుని తిప్పుతుంది. బ్రేకు పట్టేదాకా ఆ గుండ్రం తెగదు.

అందుకని రెండు చైన్‌వీళ్లనీ కలిపి, ఒక వైపు తిప్పితే పట్టి రెండో వైపు ఖాళీగా జారే ఒక ఫ్రీవీల్ మీద బిగించి, ఆ ఫ్రీవీల్‌ని క్రాంకు మీద కూర్చోబెట్టాలి. మన దగ్గర గేర్లు లేని సైకిళ్లకు వాడే సింగిల్ ఫ్రీవీల్ ఇందుకు పనికొస్తుంది. దాని లోపలి మర 1.37 అంగుళాల వ్యాసం, అంగుళానికి 24 మర చుట్లు. గాజువాక దగ్గర ఆటోనగర్‌లో ఒక లేత్ షాపులో క్రాంకుకి ఆ మరతో ఒక బాస్ (ఫ్రీవీల్ ఎక్కించే గుండ్రటి దిమ్మ) తిప్పించాను. వెనక చక్రానికి బిగించినట్టే బిగించి, బెంచీ మీద చేత్తో తిప్పి చూస్తే, ముందుకు తొక్కినప్పుడు టకటకమంటూ ఖాళీగా జారిపోయింది, వెనక్కి తొక్కితే చైను కదిలింది. మేస్త్రీ నవ్వి, "ఇది వెనక్కెళ్లే సైకిలేటి బాబూ?" అన్నాడు.

తప్పు నాదే. వెనక చక్రం దగ్గర ఫ్రీవీల్ బయటి పళ్లు లోపలి భాగాన్ని తిప్పుతాయి, క్రాంకు దగ్గర లోపలి భాగం బయటి పళ్లని తిప్పాలి. పని తిరగబడింది కనుక ఫ్రీవీల్‌ని కూడా తిరగేసి, మామూలుగా హబ్బు వైపు ఉండే ముఖాన్ని క్రాంకు వైపు పెట్టాలి. అలా పెడితే తొక్కే కొద్దీ మర బిగుస్తుందే తప్ప వదులు కాదు. బాస్ మళ్లీ తిప్పించడానికి ఇంకో రోజు పట్టింది.

ఈ అమరిక కుడివైపు చోటు తినేస్తుంది కాబట్టి మామూలు కన్నా పొడవైన బీబీ ఆక్సిల్ అవసరం. పాతది విప్పేటప్పుడు కుడివైపు కప్పుకి ఎడమ మర ఉంటుందని గుర్తుంచుకోవాలి, లేకపోతే విప్పుతున్నామనుకుంటూ బిగిస్తూనే ఉంటాం. పెడల్ సెన్సర్ అయస్కాంతాల బిళ్ల ఆక్సిల్ మీదే ఉండాలి, చైన్‌వీల్ మీద కాదు. మోటారు స్ప్రాకెట్‌లో కూడా ఫ్రీవీల్ ఉన్న రకం దొరికితే అదే తీసుకోవాలి, బ్యాటరీ అయిపోయిన రోజు మోటారు గేర్లని కూడా కాళ్లతో తిప్పుకుంటూ ఇంటికి రావలసిన అవసరం తప్పుతుంది.

మోటారుని ఫ్రేముకి ఎలా బిగించాలి?

కింది గొట్టానికి రెండు యూ క్లాంపులతో ఒక ఇనుప పలక బిగించి, దాని మీద మోటారుని కూర్చోబెట్టాను. మొదట 3 మిల్లీమీటర్ల పలక వాడాను. ఇంటి ముందు బాగానే తిరిగింది, మొదటిసారి ఎత్తు ఎక్కించినప్పుడు చైను లాగుడుకి పలక వంగి, చైను ఊడి స్ప్రాకెట్‌కీ పలకకీ మధ్య ఇరుక్కుంది. అదృష్టవశాత్తు నడక వేగంలో ఉన్నాను. తరవాత 5 మిల్లీమీటర్ల పలక వేసి, ఒక అంచు మడత పెట్టించి, చైను లాగే దిశకి ఎదురుగా ఒక లాగుడు బోల్టు పెట్టించాను. మోటారు రంధ్రాలను పొడుగు గాడులుగా కోయించుకుంటే చైను బిగువు సరిచేసుకోవచ్చు, కానీ ఆ బోల్టు లేకుండా నట్ల బిగువునే నమ్ముకుంటే మోటారు రోజుకి కొంచెం చొప్పున జరుగుతుంది. మోటారు స్ప్రాకెట్, పెద్ద చైన్‌వీల్ ఒకే గీత మీద ఉన్నాయో లేదో ఒక నిటారైన స్కేలు ఆనించి చూడాలి, ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా కూడా గరగరమనే చప్పుడుగా బయటపడుతుంది. ఫ్రేముకి వెల్డింగు మాత్రం పెట్టించవద్దు. గొట్టం గోడ పలుచన, వేడి తగిలిన చోట బలం తగ్గుతుంది, అల్యూమినియం ఫ్రేమైతే మరీ.

ఏ బ్యాటరీ మంచిది?

మన ఎండలకి, ఇంట్లో కట్టుకునేవారికి లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకమే నా ఎంపిక. మామూలు లిథియం అయాన్ సెల్లు కన్నా ఇది కొంత బరువు, కొంత పెద్దది, కానీ వేడికి అంత తేలిగ్గా అదుపు తప్పదు, ఎక్కువసార్లు ఛార్జింగు తట్టుకుంటుంది. మన బజారులో తేలిగ్గా దొరికే 32700 సైజు 6 ఏహెచ్ (ఆంప్ అవర్ల) సెల్లు 16 తీసుకుని, రెండేసి జంటలుగా 8 వరసలు కడితే 25.6 వోల్టులు, 12 ఏహెచ్, అంటే సుమారు 307 వాట్ అవర్లు వస్తుంది. నిండుగా ఛార్జి అయినప్పుడు 29.2 వోల్టులు, కాబట్టి ఛార్జర్ కూడా సరిగ్గా 29.2 వోల్టులదే కావాలి. లెడ్ యాసిడ్ ఛార్జర్ తగిలించకూడదు.

సెల్లు మీద నేరుగా టంకం పెట్టకూడదు, ఆ వేడి లోపలి పొరలని చెడగొడుతుంది. స్పాట్ వెల్డింగు చేయించాలి, లేదా బోల్టు మొనలున్న సెల్లు కొనాలి. కట్టే ముందు ప్రతి సెల్లు వోల్టేజి కొలిచి రాసుకోవాలి. మిగిలినవాటికి భిన్నంగా ఉన్న సెల్లుని, వారం రోజులు పక్కన పెడితే వోల్టేజి పడిపోయే సెల్లుని నిర్మొహమాటంగా తిప్పి పంపాలి.

ఈ రకం బ్యాటరీకి ఒక చిక్కుంది. ఛార్జి చాలా భాగం అయిపోయేదాకా దాని వోల్టేజి దాదాపు కదలదు, కనుక వోల్టు మీటరు చూసి ఎంత మిగిలిందో చెప్పలేం. వాడిన ఆంప్ అవర్లను కూడే మీటరు పెట్టుకోవాలి. ఎండలో తిరిగొచ్చిన వెంటనే కాకుండా బ్యాటరీ చల్లబడ్డాక ఛార్జింగు పెట్టాలి, అది కూడా పడక గదిలోనో గుమ్మానికి అడ్డంగానో కాదు.

బీఎంఎస్ ఉండగా ఫ్యూజు దేనికి?

బ్యాటరీని కనిపెట్టుకుని ఉండే బీఎంఎస్ (బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్) కూడా ఒక ఎలక్ట్రానిక్ పలకే, చెడిపోయినప్పుడు అది ఆన్‌లోనే ఇరుక్కుపోవచ్చు. బ్యాటరీ ప్లస్ తీగకి, బ్యాటరీకి వీలైనంత దగ్గరలో, 30 ఆంపియర్ల ఫ్యూజు పెట్టాలి.

మైలేజీ ఎంత వస్తుంది?

నా కొలతల్లో, తేలిగ్గా తొక్కుతూ గంటకు 20 కిలోమీటర్ల లోపు వెళితే కిలోమీటరుకి సుమారు 9 వాట్ అవర్లు పడుతోంది. బ్యాటరీని పూర్తిగా పిండకుండా 85 శాతం వాడుకున్నా 29 కిలోమీటర్లు వస్తుంది. అస్సలు తొక్కకుండా థ్రాటిల్ (చేతి యాక్సిలరేటర్) మీదే వెళితే ఈ అంకె బాగా పడిపోతుంది. ఎత్తులకు వేరే లెక్క ఉంది: 100 కిలోలని 100 మీటర్ల ఎత్తుకి చేర్చడానికి 27 వాట్ అవర్లు చాలు, కానీ బ్రష్ మోటారు తాను తీసుకున్న ప్రతి 100 వాట్లలో 76 మాత్రమే పనిగా మారుస్తుంది, చైన్లలో ఇంకొంత పోతుంది, చివరికి బ్యాటరీ నుంచి 40 వాట్ అవర్లు ఖర్చవుతాయి. మోటారు పూర్తి బరువు మీద సుమారు 330 వాట్లు తీసుకుని 250 ఇస్తోందంటే, మిగతా 80 వాట్లు, ఒక పాత సీలింగ్ ఫ్యాను వాడేంత విద్యుత్తు, ఆ చిన్న డబ్బాలో వేడిగా కూర్చుంటోందన్నమాట.

కట్టడం పూర్తయ్యాక ఎలా పరీక్షించాలి?

ఎక్కి తిరిగి చూడడం పరీక్షలో చివరి భాగం. మొదటి భాగం బెంచీ మీద. కంట్రోలర్‌ని బ్యాటరీకి నేరుగా కలపకుండా, మధ్యలో రెండు 12 వోల్టుల 55 వాట్ల కారు హెడ్‌లైట్ బల్బులను వరసగా కలపాలి. వైరింగులో ఎక్కడైనా షార్టు ఉంటే బల్బులు వెలుగుతాయి, కరెంటు సుమారు 5 ఆంపియర్ల దగ్గరే ఆగుతుంది, కంట్రోలర్ కాలదు. బల్బులు వెలగకుండా మోటారు నెమ్మదిగా తిరిగితే ముందుకు వెళ్లవచ్చు.

తరవాత వెనక చక్రం గాల్లో ఉండేలా సైకిల్‌ని స్టాండు మీద గట్టిగా నిలబెట్టి, కావాలని ఒక్కొక్క లోపం కల్పించాలి. దీన్నే చాలామంది వదిలేస్తారు. థ్రాటిల్‌కి మూడు తీగలుంటాయి: 5 వోల్టుల ఎర్రది, గ్రౌండు నల్లది, సిగ్నల్ తీగ. వీటిలో నల్ల తీగ ఊడితే సిగ్నల్ వోల్టేజి పైకి లేచిపోతుంది, దాన్ని కనిపెట్టలేని కంట్రోలర్ పూర్తిగా థ్రాటిల్ తిప్పారనుకుని మోటారుని పరుగెత్తిస్తుంది. చక్రం గాల్లో ఉండగానే ఆ నల్ల తీగ లాగి చూడాలి. మోటారు ఆగితే ఆ కంట్రోలర్ నమ్మదగినది, పరుగెత్తితే దాన్ని మార్చాలి. నేను మొదట కొన్న చవక కంట్రోలర్ పరుగెత్తింది. ఆ శబ్దం విని మా అమ్మ వంటింట్లోంచి బయటికి వచ్చింది.

అలాగే మోటారు తిరుగుతుండగా ఎడమ బ్రేకు, కుడి బ్రేకు విడివిడిగా పట్టి కరెంటు తెగుతోందో లేదో చూడాలి. పెడల్‌ని వెనక్కి తిప్పితే మోటారు మొదలు కాకూడదు. పెడల్ ఆపిన ఒక సెకను లోపల మోటారు ఆగాలి. మోటారు తిరుగుతుండగా పెడల్ కదలకుండా ఉంటేనే ఫ్రీవీల్ సరిగ్గా ఉన్నట్టు.

రోడ్డు మీద మొదటిరోజు ఖాళీ మైదానంలో, తక్కువ వేగంలో, పది నిమిషాలకొకసారి ఆగి ప్రతి నట్టూ చేత్తో తడిమి చూసుకుంటూ తిరగాలి. గేరు మార్చే ముందు బ్రేకు లివరు కొద్దిగా నొక్కి కరెంటు తెంచి, అప్పుడు మార్చడం అలవాటు చేసుకోవాలి. మోటారు లాగుతుండగా గేరు మారిస్తే చైను కటకటమంటుంది, ఆ దెబ్బ పళ్ల మీద పడుతుంది. చివరగా ఎత్తు పరీక్ష: ఒకే ఎత్తుని వెనక తక్కువ పళ్ల గేరులో, తరవాత మోటారు చల్లారాక ఎక్కువ పళ్ల గేరులో ఎక్కి, పైన ఆగగానే మోటారు డబ్బా వేడి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో కొలిస్తే, పళ్ల లెక్క గురించి నేను పైన రాసినదంతా ఒక్క అంకెలో కనిపిస్తుంది.

పాత బ్రేకులు చాలవా?

స్టీలు రిమ్ములకి రబ్బరు బ్రేకులున్న సైకిల్ మీద ఈ పని చేయవద్దు. స్టీలు రిమ్ము తడిస్తే ఆ బ్రేకు దాదాపు లేనట్టే. అల్యూమినియం రిమ్ము మీద వీ బ్రేకు గానీ డిస్కు గానీ ఉండాలి, ముఖ్యంగా ముందు చక్రానికి.

లైసెన్సు, రిజిస్ట్రేషను అక్కర్లేదు కదా?

అక్కర్లేదని ధీమాగా చెప్పేవారు నిబంధనలో సగమే చదివారు. కేంద్ర మోటారు వాహనాల నియమావళి 1989లోని 2(యూ) ప్రకారం, మోటారు 30 నిమిషాల పవరు (ఆగకుండా అరగంట ఇవ్వగల శక్తి) 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు, బ్యాటరీ కాకుండా బరువు 60 కిలోలు మించకుండా ఉన్న ద్విచక్ర వాహనాన్ని మోటారు వాహనంగా పరిగణించరు. పెడల్ సాయంతో నడిచే సైకిల్ అయితే తొక్కడం ఆపినా, 25 కిలోమీటర్ల వేగం చేరినా మోటారు ఆగిపోవాలి, ముందు తెల్ల, వెనక ఎర్ర రిఫ్లెక్టర్లు ఉండాలి. కానీ ఈ షరతులన్నిటినీ పుణేలోని ఏఆర్ఏఐ వంటి అధీకృత పరీక్షా సంస్థ నిర్ధారించాలని అదే నిబంధన చెబుతోంది. ఇంట్లో కట్టిన ఒక్క సైకిల్‌కి ఆ పత్రం ఉండదు. కనుక మోటారు ఎంచుకునేటప్పుడు కూడా ఈ హద్దుకి ఇవతలే ఉండండి, 1000 వాట్ల మోటారు బిగించి సైకిలే కదా అనే వాదన చెల్లదు.

వర్షంలో నడపవచ్చా?

చినుకుల్లో నడపవచ్చు, నిలిచిన నీళ్లలో వద్దు. కనెక్టర్లన్నీ నోరు కిందికి ఉండేలా, తీగ కిందికి వంపు తిరిగి మళ్లీ పైకి వెళ్లేలా కట్టుకుంటే నీరు ఆ వంపు దగ్గరే జారిపోతుంది. మా ఊళ్లో వర్షం కన్నా ఉప్పు గాలి మొండిది. నాలుగు నెలలకి కనెక్టర్ల మీద పచ్చటి చిలుము పడుతుంది, ఆ చోట వేడి పుడుతుంది. నెలకోసారి విప్పి తుడిచి, సన్నగా గ్రీజు పూస్తున్నాను.

చైను ఎన్నాళ్లకి మార్చాలి?

మోటారు బలం కూడా వెనక చైను గుండానే పోతుంది కాబట్టి మామూలు సైకిల్ కన్నా ముందే అరుగుతుంది. రోజుల లెక్క పెట్టుకోవద్దు, కొలవండి. కొత్త చైనులో ఒక పిన్ను మధ్య నుంచి 24వ లంకె పిన్ను మధ్యకి సరిగ్గా 12 అంగుళాలు. ఇనుప స్కేలు పెట్టినప్పుడు ఆ పిన్ను 12 అంగుళాల గీత దాటి అంగుళంలో పదహారో వంతు ముందుకు పోతే చైను మార్చే వేళయింది. ఎనిమిదో వంతు పోయేదాకా ఊరుకుంటే వెనక ఫ్రీవీల్ పళ్లు కూడా ఆ సాగిన చైనుకి తగ్గట్టు అరిగిపోతాయి, అప్పుడు కొత్త చైను వేసినా ఎత్తు మీద పళ్ల మీద నుంచి దూకుతుంది, ఫ్రీవీల్ కూడా కొనక తప్పదు. మోటారు వైపు పొట్టి చైను వేరుగా కొలవాలి, 9 పళ్ల చిన్న స్ప్రాకెట్ చుట్టూ మరీ ఇరుకుగా వంగుతుంది కనుక నా సైకిల్ మీద అదే ముందు సాగింది.